సెల్ఫ్ తిరుగుతోంది, బండి అందుకోవట్లేదు

జూన్ 3

మరదలు పిల్లకి,

వదిన ఉత్తరం రాసిందంటే ఏదో పని పడే ఉంటుందని కవరు చూడగానే అనుకుని ఉంటావు. నిజమే, కాబట్టి కుశల ప్రశ్నలు చివర్లో.

మన పికప్ బండి మొరాయించింది. తాళం తిప్పితే సెల్ఫ్ తిరుగుతోంది. నీరసంగా కాదు, వీధి చివర కుట్టుమిషనావిడ తలెత్తి చూసేంత జోరుగా తిరుగుతోంది. ఇంజనే అందుకోవట్లేదు. మాట నాలిక చివరిదాకా వచ్చి ఆగిపోయిన మనిషిలాగా గుర్రు గుర్రుమని గింజుకుని ఊరుకుంటోంది. బ్యాటరీ తప్పేమోనని పక్కింటి కారుది అడిగి తెచ్చి తగిలించాను. అదే పాట.

బండి లేకపోతే మనకేముందే? ఇళ్ళు మారేవాళ్ళని బీరువాలు నెత్తిన పెట్టుకుని నడవమంటామా? షెడ్డులో తాళ్ళు, గోనెలు, అద్దాలకి చుట్టే దుప్పట్లు అన్నీ మడతపెట్టినవి మడతపెట్టినట్టే ఉన్నాయి. ఒప్పుకున్న ఇళ్ళన్నీ ఒక్కొక్కటే చేజారుతున్నాయి.

మీ అన్నయ్య పని మీద ఊరెళ్ళారు. ఎప్పుడొస్తారో చెప్పలేదు. అందుకే నిన్ను అడుగుతున్నా. మామయ్యగారి వర్క్‌షాపులో బండ్ల కింద పడుకుని పెరిగినదానివి, ఇప్పుడు బస్సు డిపోలో నీ చెయ్యి పడందే బస్సు గేటు దాటదంటారు. ఏం చూడాలో బడిపిల్లకి చెప్పినట్టు రాయి. తోలడం నాకు వచ్చు, ఇరుకు సందుల్లో మీ అన్నయ్యకంటే నేనే నయం. బానెట్ కింద ఏముందో మాత్రం దేవుడికే తెలియాలి.

ఫోన్ చేద్దామనుకున్నా. కానీ మీ డిపో ఫోను సూపర్‌వైజర్ బల్ల మీద ఉంటుందనీ, దాంట్లో తుమ్మితే సాయంత్రానికి అన్ని రూట్లలోనూ తెలిసిపోతుందనీ నువ్వే చెప్పావు.

అత్తయ్య బాగానే ఉంది. ఈ మధ్య మాట తగ్గించింది. నువ్వు వేళకి తింటున్నావా?

నీ వదిన


జూన్ 9

వదినకి,

బండి పాడైతే అన్నయ్య ఊరెళ్ళడం ఏంటి? దానికి జ్వరమొస్తే పక్కన పడుకునే మనిషి కదా? లేక చేతులకి గోరింటాకు పెట్టుకుని కూర్చుని, నీ చేత ఉత్తరం రాయించాడా? సరే, అడిగావు కాబట్టి చెప్తున్నా.

సెల్ఫ్ జోరుగా తిరుగుతోందంటే బ్యాటరీ, సెల్ఫ్ మోటారు బాగున్నట్టే. వాటి జోలికి పోకు. ఇంజన్ అందుకోవాలంటే లోపలికి పెట్రోలు రావాలి, గాలి రావాలి, నిప్పురవ్వ పడాలి. ఈ మూడింట్లో ఏదో ఒకటి ఎగ్గొట్టింది.

ముందు కాసేపు సెల్ఫ్ కొట్టి, దిగి సైలెన్సర్ గొట్టం దగ్గర వాసన చూడు. పచ్చి పెట్రోలు వాసన గుప్పుమంటే పెట్రోలు వస్తున్నట్టు. తర్వాత ఒక ప్లగ్ ఊడదీసి, దాని తీగ దానికే తగిలించి, ప్లగ్ ఒంటిని ఇంజన్ ఇనుముకి ఆనించి రబ్బరు పిడి ఉన్న కటింగ్ ప్లేయర్‌తో పట్టుకో. చేత్తో పట్టుకున్నావంటే నన్ను తిట్టుకుంటావు. అమ్మని సెల్ఫ్ కొట్టమను. ప్లగ్ కొసన నీలంగా చిటపటమంటే నిప్పు ఉన్నట్టు. లేకపోతే లేనట్టు. ఏది కనపడితే అది రాయి, నీ ఊహలు కలపకు.

ఇంకో సంగతి. అన్నయ్య కార్డు ముక్క వచ్చింది. "కొత్త చోటికి మారాం, పరుపుల షాపు వెనకే గది, గాలీ వెలుతురూ బాగున్నాయి, అమ్మకి ఇప్పుడే చెప్పకు" అని. వంతెన అవతలి ఊరి అడ్రసు రాశాడు. నీ ఉత్తరం మీద చూస్తే పాత అడ్రసే ఉంది. ఊళ్ళోవాళ్ళ ఇళ్ళన్నీ మార్చేవాళ్ళు సొంత ఇల్లు మారడానికి తడబడుతున్నారా? ఏది నమ్మాలో తెలీక దీన్ని పాతదానికే పంపుతున్నా. కొత్త చోట వంటిల్లు విడిగా ఉందా? అమ్మకి ఎందుకు చెప్పొద్దన్నాడు, మెట్లు ఎక్కువా?

నీ మరదలు


జూన్ 14

అమ్మాయ్,

"మారాం" అని రాశాడా? ఆ "మారాం"లో నేను లేనమ్మా. మీ అమ్మా లేదు.

నీ దగ్గర దాచాను, సిగ్గేసి. ఇక దాచడానికేం మిగల్లేదు కాబట్టి విను. మన సందు మొదట్లో పరుపుల షాపు పెట్టిన ఆవిడ గుర్తుందా? ఆవిడ పరుపులన్నీ మోసింది మనమే. ఏది మెత్తగా ఉందో చూద్దామని కూర్చున్న మీ అన్న మళ్ళీ లేవలేదు. ఆవిడ రాత్రికి రాత్రి కాదు, పట్టపగలే దర్జాగా షాపు ఎత్తేసింది, ఏ ఊరికో ఎవరికీ చెప్పలేదు. ఆ మర్నాడు మీ అన్న "అవతలి ఊళ్ళో బేరం చూసొస్తా" అని చొక్కా మార్చుకున్నాడు. బండెక్కి సెల్ఫ్ కొట్టాడు. అందుకోలేదు. బానెట్ ఎత్తి లోపల కాసేపు తలపెట్టాడు. మూసేసి, దుప్పట్లు దులుపుతున్న నా వైపు ఒక చూపు చూశాడు. ఎలాంటి చూపో ఇప్పటికీ చెప్పలేను. "బస్సులో పోతాలే" అన్నాడు. అంతే.

ఎక్కడున్నాడో నీ ఉత్తరం వచ్చేదాకా నాకు తెలీదు. నీకు మాత్రం తెలుసు! కార్డు కూడా రాశాడు! "అమ్మకి చెప్పకు" అంటే దేనికో నీకు అర్థం కాలేదా, లేక నాకు అర్థం కాకూడదనుకున్నావా? ఏదైనా అన్నాచెల్లెళ్ళు అన్నాచెల్లెళ్ళే. మధ్యలో వచ్చినదాన్ని నేనే.

అయినా నువ్వు చెప్పినవి చేశాను. పెట్రోలు వాసన గుప్పుమంది. ప్లగ్ దగ్గర నిప్పు లేదు. అన్ని ప్లగ్‌లూ చూశాం, అత్తయ్య సెల్ఫ్ కొట్టింది, ఒక్కదానికీ మెరుపు లేదు.

నీ జవాబు వచ్చేలోపు సైలెన్సర్‌ని కూడా పిలిచాను. అదే, నోట్లో మాట బయటికి వినపడని మెకానిక్, మీ అన్న జతగాడు. వచ్చాడు, ఏదో నల్ల మూత తీశాడు, గబుక్కున పెట్టేశాడు, "ఇంజన్ చచ్చిందమ్మా, తుక్కు కింద ఇచ్చేస్తే నేనే తీసుకుంటా" అన్నాడు. ఇవ్వమంటావా? నువ్వూ అదే అంటావేమో!

ఒకటి మాత్రం రాసిపెట్టుకో. నేను ఏడవను. ఆ మనిషి నడివీధిలో నిలబడి తలెత్తలేకపోయే రోజు ఒకటి చూడాలి. అది నా కళ్ళతో చూశాకే నాకు నిద్ర.

వదిన


జూన్ 19

వదినా,

"నీ వదిన" అని రాసేదానివి, ఈసారి ఉత్త "వదిన" అయ్యావు. చూశాను.

నువ్వు అడిగినదానికి జవాబు: నాకు అర్థం కాలేదు. అన్నయ్య నిన్ను వదిలేస్తాడన్న ఊహే నా బుర్రకి తట్టలేదు. అందుకు తెలివితక్కువదాన్ని అను, ఒప్పుకుంటా. వాడి పక్షం అనకు. నాన్న పోయిన తర్వాత వర్క్‌షాపు గడపలో అడ్డంగా నిలబడి, "ఆడపిల్ల ఒంటి నుంచి గ్రీజు వాసన వస్తే ఎవడు చేసుకుంటాడే, ఇక రాకు" అన్నవాడు వాడు. అప్పుడు వాడి చేతిలో ఉన్న ఇంజన్ నేను విప్పింది. వాడు బిగించి, తనే బాగుచేశానని చెప్పుకున్నాడు. ఆ రోజు నా టిఫిన్ డబ్బాలో అన్నం పెట్టి, డిపోలో పని అడగమని బస్సెక్కించింది నువ్వు. నేను ఎవరి పక్షమో ఇంకా చెప్పాలా?

ఆ కోపం ఇన్నేళ్ళూ చెప్పులో రాయిలా ఉంది. ఇప్పుడు నీది కూడా కలిసింది. ఇద్దరం కలిసి వాడికి లెక్క చెబుదాం. దానికి ముందు బండి కదలాలి.

బండి తుక్కుకి ఇవ్వకు. తిరుగుతున్న ఇంజన్ చచ్చిందని చెప్పేవాడు మెకానిక్ కాదు, శవాల బేరగాడు. వాడు ఆ నల్ల మూత కింద ఏదో చూశాడు, చూసి నోరు మూసుకున్నాడు. దాన్ని మనమూ చూడాలి.

ఆ మూతని డిస్ట్రిబ్యూటర్ మూత అంటారు, తీగలన్నీ దాంట్లోంచే వస్తాయి. నడిమి తీగ ఒక్కటీ కాయిల్ నుంచి వస్తుంది. ముందు ఆ నడిమి తీగ మూత నుంచి లాగి, దాని కొసని ఇంజన్ ఇనుముకి గోరంత ఎడంగా ప్లేయర్‌తో పట్టుకుని సెల్ఫ్ కొట్టించు. అక్కడ టప్ టప్‌మని నిప్పు వస్తే కాయిల్ వరకూ అంతా బాగున్నట్టు. అప్పుడు మూతకి రెండు పక్కలా ఉన్న క్లిప్పులు వదులు చేసి తెరువు. నిలువు కడ్డీ నెత్తిన బొటనవేలంత నల్ల బిళ్ళ ఉంటుంది, ఇత్తడి నాలుకతో. దాన్ని రోటర్ అంటారు. గుండ్రంగా తిరుగుతూ ఒక్కో ప్లగ్‌కి కరెంటు వడ్డించేది అదే. అది కాలిందేమో, చిట్లిందేమో చూసి రాయి.

నీదే,
మరదలు


జూన్ 25

నా మరదలికి,

నడిమి తీగకి నిప్పు వచ్చింది. నా జడ వెంట్రుకలు లేచినంత నిప్పు.

మూత తెరిచాను. కాలలేదు, చిట్లలేదు. అసలు లేదు! కడ్డీ బోడిగా నిలబడి ఉంది. బిళ్ళ లేదు, ఇత్తడి నాలుకా లేదు.

ఇప్పుడు అర్థమైంది ఆ రోజు బానెట్ కింద తలపెట్టి ఏం చేశాడో. పోతూ పోతూ బండి నోట్లోంచి నాలిక కోసుకుపోయాడు. వాడికి పనికొస్తుందనా? కాదు, నేను ఇంకెవరి గడపైనా తొక్కి నాలుగు మెతుకులు తెచ్చుకుంటానేమోనని. ఆ చూపు "ఇక చూడు నీ సంగతి" అన్న చూపు. నన్ను వదిలేశాడు, ఏదో మగబుద్ధి అనుకుందును. ముసలి తల్లితో సహా పస్తు పెట్టాలనుకున్నాడు చూడు, దానికి క్షమాపణ లేదు.

ఇంకో కబురు. వాడు అక్కడ ఆవిడ వ్యానుతో ఇళ్ళు మార్చే పని మొదలుపెట్టాడు. మన పాత బేరాలన్నిటికీ కబురు పెట్టాడట, "మా ఆవిడ మానేసింది" అని. నేను మానేశానట!

అవతలి ఊరు ఎంత దూరం? ఒక్క పూట. వాడి వ్యాను పెట్రోలు ట్యాంకులో డబ్బాడు పంచదార పోసి వస్తా. అత్తయ్యకి ఈ మాట చెప్తే పంచదార డబ్బా తీసి పై అరలో పెట్టింది.

నీ వదిన


జూలై 1

వదినా,

పంచదార కాఫీలో వేసుకో. పెట్రోలులో అది కరగను కూడా కరగదు.

ఇద్దరు డ్రైవర్లు కొట్టుకుచస్తున్నా ఒకడి బండిలో రోటర్ ఇంకొకడు తీయకూడదని మాకు నేర్పింది నాన్న. అన్నయ్యా నేనూ పక్కపక్కనే నిలబడి విన్నాం. అలాంటివాడు ఈ పని చేశాడంటే నేను ఇక వాడికి చెల్లెల్ని కాదు.

దీంతో పాటు అగ్గిపెట్టెంత డబ్బా ఒకటి వస్తుంది. లోపల దూదిలో రోటర్ ఉంది. మా డిపో వెనక తుప్పుపట్టిన అదే మోడల్ బండిలోంచి అడిగి తీసుకున్నా, తుడిచి, నాలుక గీకి పంపుతున్నా. కడ్డీకి ఒక పక్క గాడి ఉంటుంది, బిళ్ళ దాంట్లో కూర్చునేలా నొక్కు. మూత పెట్టు, క్లిప్పులు బిగించు, సెల్ఫ్ కొట్టు.

ఆ తర్వాత వాడి నోటికాడ బేరం నువ్వు లాక్కో. కడుపు మీద కొట్టినవాడికి కడుపు మీదే తగలాలి. నేను చెప్పేది ఇంతే.

మరదలు


జూలై 17

బంగారు మరదలికి,

అందుకుంది! మొదటి తిప్పుకే! దగ్గింది, ఒళ్ళు విరుచుకుంది, నల్లటి పొగ ఒక్కసారి వదిలి గర్జించింది. అత్తయ్య గుమ్మంలో నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సంతోషం అనుకున్నా.

తిన్నగా సైలెన్సర్ షాపుకి తోలాను. వాడి ముందు ఇంజన్ ఆపకుండా, "టైర్లలో గాలి చూడు బాబూ, చచ్చిన బండికి గాలి ఎంత పెడతారు?" అన్నాను. జీవితంలో మొదటిసారి వాడి నోట్లోంచి ఏ శబ్దమూ రాకపోవడం సహజంగా అనిపించింది. అక్కడ టీ తాగేవాళ్ళంతా నవ్వారు.

అసలు కథ ఇప్పుడు. కూర్చునే చదువు.

మన పాత బేరం పళ్ళ డాక్టరు లేడూ, ఆయన ఆసుపత్రిని అవతలి ఊరికి మారుస్తున్నాడు. బేరం మీ అన్నకి పోయింది. సామాను ఎక్కించేది ఏ రోజో తెలుసుకుని నేను ముందే వెళ్ళి, మన బండి పక్క వీధిలో పెట్టాను. వ్యాను నిండా సామాను ఎక్కించారు. పళ్ళు పీకే పెద్ద కుర్చీ, గాజు అల్మారాలు, దీపాలు. చివరి పెట్టె కోసం మీ అన్న మేడెక్కాడు. వ్యాను కూడా మనదాని జాతే, రంగే కొత్త. నువ్వు నేర్పిన విద్యే. బానెట్, రెండు క్లిప్పులు, ఒక లాగు. రోటర్ నా గుప్పిట్లోకి వచ్చేసింది. నాన్నగారు వద్దన్నారని నువ్వు రాసింది గుర్తుంది. కానీ నాది ముందు తీసింది వాడు.

వాన తుంపర మొదలైంది. వాడు సెల్ఫ్ కొట్టాడు. తిరిగింది, తిరిగింది, తిరిగింది. ఆ చప్పుడు నేనెన్నాళ్ళు విన్నానో! ఇప్పుడు సన్నాయిలా వినపడింది. డాక్టరు గొడుగు కింద ఎగిరిపడుతున్నాడు, "అక్కడ పేషెంట్లు దవడలు పట్టుకుని కూర్చున్నారయ్యా!" అని. పరుపుల ఆవిడ వ్యాను పక్కన నిలబడి ఉంది. వీధంతా కిటికీల్లోంచి చూస్తోంది.

అప్పుడు మలుపు తిరిగి వెళ్ళాను, హారన్ కొట్టుకుంటూ. వ్యాను వెనక తలుపుకి మన బండి వీపు ఆనించి ఆపాను. "డాక్టరుగారూ, అద్దాలు నాకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు? ఎక్కించమంటారా?" అన్నా. ఆయన దండం పెట్టినంత పని చేశాడు. నేను తెచ్చుకున్న కూలీలు కుర్చీతో సహా అన్నీ వ్యానులోంచి మన బండిలోకి మార్చారు. మీ అన్న బానెట్ ఎత్తి, మూత తీసి, లోపల చూసి, నెమ్మదిగా తలెత్తి నన్ను చూశాడు. అప్పటికి చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది.

"మళ్ళీనా?" అన్నాడు.

అంతే అన్నాడు. వెటకారం అనుకుంటా. నేను గేరు వేశాను. వచ్చేటప్పుడు వంతెన మీద ఆపి వాడి రోటర్‌ని నీళ్ళలోకి విసిరేశాను. ఆ రోజు పడుకుంటే తెల్లారేదాకా మెలకువ రాలేదు.

నీ వదిన


జూలై 22

వదినా,

చదివి మూడు బస్సుల కింద నవ్వుకున్నాను. నాలుగో బస్సు కింద ఆగిపోయాను.

"మళ్ళీనా" అన్నాడా? సరిగ్గా అదే మాటా?

మనదాని రోటర్ వాడు తీసి ఉంటే, నువ్వు పగ తీర్చుకున్నావని వాడికి తెలియాలి. "అయితే తెలిసిందన్నమాట" అనాలి. "మళ్ళీ" ఎందుకంటాడు? నువ్వు ఇంతకు ముందు ఒకసారి తీశావని వాడు అనుకుంటేనే ఆ మాట వస్తుంది. అంటే ఆ రోజు బానెట్ ఎత్తి చూసేసరికే అది లేదు. నీ వైపు చూసిన చూపు అదీ. నీకు అంతా తెలిసిపోయి, నువ్వే దాచావనుకుని, నోరెత్తకుండా బస్సెక్కి పోయాడు.

నువ్వు తీయలేదు, వాడు తీయలేదు. సైలెన్సర్ ఆ తర్వాతెప్పుడో వచ్చాడు. ఇంట్లో ఇంకెవరున్నారు?

నాన్న చెయ్యి విరిగిన ఏడాది వర్క్‌షాపులో ఆయన పక్కన నిలబడి సామాన్లు అందించింది ఎవరు? రోటర్ ఏదో, ఎలా తీయాలో ఆవిడకి నాకంటే ముందే తెలుసు.

అడుగు. అరవకుండా అడుగు.

మరదలు


జూలై 28

మరదలికి,

అరవకుండానే అడిగాను. అత్తయ్య కూరగాయలు తరుగుతోంది. కత్తిపీట వాల్చేసి లేచి వెళ్ళి, తన మందుల డబ్బా తెచ్చి నా ముందు పెట్టింది. మాత్రల కింద, కాగితంలో చుట్టి, మన రోటర్.

"వాడు మధ్యాహ్నం పడుకున్నప్పుడు తీశాను. ఆవిడ షాపు ఎత్తేసిన రోజే నాకు అర్థమైంది, వీడూ పోతాడని" అంది. "నిన్ను వదలగలడు. నన్ను వదలగలడు. బండిని వదల్లేడనుకున్నానే. బండి లేకుండానే పోయాడు."

"మరి నేను ఇన్నాళ్ళు చేతులు కాల్చుకుంటుంటే చెప్పొద్దూ?" అన్నా.

"చెప్తే బండి కదులుతుంది. బండి కదిలితే నువ్వు వాడి మీదికి పోతావు. కదలకుండా ఉంటే ఎప్పటికైనా దానికోసమైనా వస్తాడేమోనని." మాత్రలు సర్దుకుంటూ, "పోస్టులో కొత్త బిళ్ళ వచ్చి నువ్వు స్టార్ట్ చేసినప్పుడు ఇక ఆ ఆశా పోయింది" అంది.

ఆ రోజు గుమ్మంలో నేను సంతోషం అనుకున్నది అది.

రెండు రోజులు మాట్లాడలేదు నేను. కంచంలో అన్నం పెట్టి పక్కకి తిరిగేదాన్ని. నా ముందు కూర్చుని ప్లగ్‌లకి సెల్ఫ్ కొట్టింది ఆవిడ! నిప్పు రాదని తెలిసి కొట్టింది! మూడో రోజు పొద్దున షెడ్డులో దుప్పట్లు మడతపెడుతుంటే వచ్చి రెండో కొస పట్టుకుంది. నేను లాక్కోలేదు. ఆవిడకి ఉన్నది ఒక్క కొడుకు, ఆ కొడుకుని ఆపడానికి ఆవిడకి తెలిసిన దారి అదొక్కటే.

ఇక నా సంగతి. వాడు తీయని రోటర్‌కి వాడి రోటర్ తీశాను. నీతి ప్రకారం తప్పే. కానీ ఎంత వెతుక్కున్నా నాలో జాలి కనపడట్లేదు. "మా ఆవిడ మానేసింది" అని ఊరంతా చెప్పింది వాడే కదా? దాని కింద జమ వేసుకుంటా.

నీ వదిన


ఆగస్టు 3

వదినా,

అమ్మని ఏమీ అనకు. నేను వచ్చినప్పుడు నేనే అంటాను.

ఒక పని చేశాను, నీకు చెప్పకుండా. అన్నయ్యకి ఒక కార్డు రాశాను. వాడిని రోటర్ దొంగ అని అంతకు ముందు కార్డులో చెడామడా తిట్టి ఉన్నా. అది అబద్ధమని తేలాక ఊరుకోవడం నా వల్ల కాలేదు. "బండిలోది నువ్వు తీయలేదని తెలిసింది. వదినకీ తెలిసింది. ఆ నింద తీసేస్తున్నాం" అని రాశా. ఒక్క అక్షరం ఎక్కువ రాయలేదు. మిగతా నిందలన్నీ అలాగే ఉన్నాయి.

మరదలు


ఆగస్టు 16

కొంపముంచిన మరదలికి,

ఒక్క అక్షరం ఎక్కువ రాయలేదన్నావు. మీ అన్న అన్నీ ఎక్కువే చదువుకున్నాడు.

పోయిన వారం వచ్చి మెట్ల మీద కూర్చున్నాడు, నీ కార్డు చొక్కా జేబులో కనపడేలా పెట్టుకుని. డాక్టరు గొడవ తర్వాత ఆ ఊళ్ళో ఎవరూ పిలవట్లేదట. పరుపుల ఆవిడ వ్యానుకి వేరే డ్రైవర్ని పెట్టుకుని, వీడి సామాను వసారాలోకి గిరాటేసింది. "నా మీద కోపం పోయిందని చెల్లి రాసింది" అన్నాడు. "సామాను తెచ్చుకోవాలి, బండి కావాలి."

నీ మీద ఒళ్ళు మండింది. తర్వాత ఆలోచించి, "బండి కావాలంటే అందరిలాగే ముందు చెప్పుకోవాలి. శుక్రవారం ఖాళీ ఉంది" అన్నాను. వాడి మొహం విప్పారింది. నేను ఒప్పుకున్నాననుకున్నాడు. అనుకోనీలే అనుకున్నా.

శుక్రవారం వెళ్ళాను. అత్తయ్య తనూ వస్తానని ముందు సీట్లో ఎక్కింది. వసారాలో ఒక రేకు పెట్టె, పనిముట్ల సంచి, ఒక ఫ్యాను, నాలుగు జతల బట్టలు. నేను పరుపు మీద చెయ్యి వేయబోతే ఆవిడ లోపల్నుంచే "అది షాపుది" అంది. మా మధ్య జరిగిన మాటలు అవే.

సామాను నేనే సర్దాను. ఫ్యాను రెక్కలు విప్పి దుప్పట్లో చుట్టాను, పెట్టెకి అంచులు నలగకుండా గోనె కట్టాను. ఏ కస్టమరుకి చేసినా అలాగే చేస్తాను. వాడు పెట్టె ఎత్తబోయాడు.

"మీరు ఆగండి, కస్టమర్లు మొయ్యకూడదు" అన్నా.

"కస్టమరేంటి?" అని నవ్వాడు. నేను నవ్వలేదు. తాడు బిగించి, డ్రైవర్ సీట్లో కూర్చుని అడిగాను.

"ఎక్కడికి తోలమంటారండీ?"

కిటికీ పక్కకి వచ్చి నిలబడ్డాడు. "ఇంటికే" అన్నాడు.

"ఏ ఇంటికండీ? వీధి పేరు చెప్పండి."

మన వీధి పేరే చెప్పాడు.

"ఆ ఇంట్లో ఖాళీ లేదండీ" అన్నాను. "ఉండాల్సినవాళ్ళంతా ఉన్నారు."

కిటికీ పట్టుకుని వాళ్ళమ్మ వైపు తిరిగాడు. "అమ్మా, నువ్వైనా చెప్పవే" అన్నాడు. ఆవిడ చెప్తే నేను ఏం చేసి ఉండేదాన్నో నాకే తెలీదు. అత్తయ్య ముందున్న అద్దంలోంచి రోడ్డు చూస్తూ, "బేరం మాట్లాడేటప్పుడు మధ్యలో రాకూడదురా. వెనకెక్కి పెట్టె పట్టుకో, మలుపుల్లో జరుగుతుంది" అంది.

వెనకెక్కాడు. ఇంకో చోటు వాడు చెప్పలేదు, నేనే బస్టాండు వెనక అద్దెగదుల మేడ ముందు ఆపాను. రెండు అంతస్తులు సామాను మోయించి, ఫ్యాను బిగించి, తిరుగుతోందో లేదో చూసి వచ్చాను. దిగుతుంటే గుమ్మంలో నిలబడి, "నేనెవరో మర్చిపోయావా?" అన్నాడు.

"లేదండీ. పరుపుల షాపు వెనక గదిలో ఉండేవారు" అన్నా.

నవ్వొస్తుందనుకున్నానే మెట్లు దిగుతూ. రాలేదు. ఏడుపూ రాలేదు. తాళం పెడితే మాత్రం బండి మొదటి తిప్పుకే అందుకుంది. అది చాలనిపించింది.

సగం దారి వచ్చాక అత్తయ్య నోరు తెరిచింది. "వాడి గదికి కిటికీ ఉందా?"

"ఉంది" అన్నా. "పెద్దదే."

తల ఊపి, కొంగు నిండుగా కప్పుకుని కళ్ళు మూసుకుంది. నేను గతుకులు చూసుకుని నెమ్మదిగా తోలాను.

రేపు పొద్దున్నే కుట్టుమిషనావిడ ఇల్లు మారుతోంది, మిషన్లు విప్పాలి. ఉంటాను. ఇక నుంచి ఎవరికి కార్డు రాయాలన్నా ముందు నాకు చూపించి రాయి.

నీ వదిన